కార్డులో ఒక ఇల్లు, పొయ్యి దగ్గర ఇంకో ఇల్లు

ప్రతి కుటుంబానికీ ఒక ఫ్యామిలీ కార్డు ఇస్తామని 2025 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇంట్లో ఎంతమంది, ఎవరెవరు, ఏ పథకం అందుతోంది, ఏది అందడం లేదు, అంతా ఒక్కచోట తెలిసిపోతుందంట. వినడానికి బాగానే ఉంది. కాని ఆ కార్డు మన పేటల్లోకి రాకముందే సర్కారు చేత ఒక ప్రశ్నకి జవాబు చెప్పించుకోవాలి. కుటుంబం అంటే ఎవరు? ఎవరిని ఎవరితో కలిపి ఒక ఇల్లు అంటారు? ఇది పండితుల చర్చ కాదు. బియ్యం, పింఛను, ఇంటిస్థలం, పిల్లల చదువు డబ్బు, చచ్చిపోతే వచ్చే నష్టపరిహారం, అన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తున్నాయి.

సంక్రాంతి వెళ్ళాక మా పత్రిక తరఫున నలుగురం అనకాపల్లి, కశింకోట, అచ్యుతాపురం మండలాల్లో కొన్ని పేటలు తిరిగాం. నిజం చెప్పాలంటే చందాల కోసం వెళ్ళాం. చందాలు పెద్దగా రాలేదు గాని ఇంటింటా ఒకటే కథ విన్నాం. ఒక పేటలో అరవై అయిదు దాటిన ఒక మామ్మ ఇద్దరు మనవల్ని పెట్టుకుని ఉంది. వాళ్ళు కూతురి పిల్లలు. అల్లుడితో పడక కూతురు మూడేళ్ళ కిందట పుట్టింటికి వచ్చేసింది. పెద్దల్లో పెట్టి తెంపులు చేశారు. ఆ పిల్ల ఇప్పుడు అచ్యుతాపురం సెజ్‌లో బట్టలు కుట్టే కంపెనీకి వెళ్తోంది. తెల్లారకుండానే కంపెనీ బస్సు ఎక్కితే చీకటి పడ్డాకే ఇంటికి చేరేది. మామ్మ కొడుకూ కోడలూ హైదరాబాదులో ఉన్నారు, కడుతున్న అపార్టుమెంటు దగ్గర కాపలా. ఇప్పుడు కార్డులు చూడండి. మామ్మ బియ్యం కార్డులో ఆమె పేరు, హైదరాబాదులో ఉన్న కొడుకూ కోడళ్ళ పేర్లు ఉన్నాయి. కూతురి పేరూ, ఇద్దరు పిల్లల పేర్లూ ఎలమంచిలి వైపున్న అల్లుడి కార్డులో ఉన్నాయి. వాళ్ళ బియ్యం అక్కడ అల్లుడి వాళ్ళమ్మ తెచ్చుకుంటోంది.

మామ్మ మాతో అన్నమాట ఇది: "కార్డులో ఉన్నోలు ఇంట్లో నేరు బాబూ. ఇంట్లో ఉన్నోలు కార్డులో నేరు. నాను మాత్తరం రొండు చోట్లా ఉన్నాను."

ఎన్ని కమిటీలు వేసి ఎన్ని రిపోర్టులు రాసినా ఇంతకంటే స్పష్టంగా చెప్పలేరు.

కుటుంబాలు కూలిపోతున్నాయని పత్రికల్లో ఈ మధ్య పెద్ద ఏడుపు చదువుతున్నాం. ఉమ్మడి కుటుంబాలు పోయాయి, ఆడవాళ్ళు ఉద్యోగాలకి వెళ్తున్నారు, ముసలివాళ్ళని చూసేవాళ్ళు లేరు అని. ఎవరి కుటుంబం గురించి ఈ ఏడుపు? ఉమ్మడి కుటుంబం నిలబడాలంటే ముందు ఉమ్మడి ఆస్తి ఉండాలి. హిందూ న్యాయశాస్త్రంలో ఉమ్మడి కుటుంబం అనే మాట పుట్టిందే తాతల ఆస్తి చుట్టూ. మనకి తాతల ఆస్తి ఏది? ఆసామి కొట్టంలో పడుకునే పాలేరు కుర్రాడికి ఇల్లు ఉందా? పదేళ్ళకే జీతానికి కుదిరిన వాడికి అమ్మ చేతి ముద్ద ఎన్నాళ్ళు దొరికింది? 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చేదాకా, వచ్చాక కూడా చాలాకాలం, మన కుటుంబాల్ని విడగొట్టింది ఆధునికత కాదు, అప్పు. ఇక ఆడవాళ్ళు పనికి వెళ్ళడం అంటారా, మన ఇళ్ళల్లో ఆడది పనికి వెళ్ళని రోజు ఎప్పుడుంది? ఊడ్పుకి వెళ్ళింది, కోతకి వెళ్ళింది, చెరుకు మోసింది, బెల్లం గానుగల దగ్గర మంట ఎగదోసింది. చంటిదాన్ని గట్టు మీద చీర ఉయ్యాల్లో వేసి పనిచేసింది. అందుకని మనం పాత కుటుంబం కోసం ఏడవక్కర్లేదు. మన ఇళ్ళల్లో నిజంగా ఏం మారిందో మాత్రం సరిగ్గా చూడాలి. చూడకపోతే మన బదులు ఇంకెవరో చూసి లెక్క రాసేస్తారు.

ఈ అనకాపల్లి ప్రాంతంలో మారింది ఏమిటంటే, పని ఊళ్ళోంచి బయటికి వెళ్ళిపోయింది. ఒకప్పుడు పని చెరుకు తోటలో ఉండేది, గానుగ దగ్గర ఉండేది, బెల్లం మార్కెట్లో ఉండేది. దేశంలో పేరున్న బెల్లం మార్కెట్ మనది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే ఆసామి కింద, ఒకే ఊళ్ళో, ఒకే తిట్టు తింటూ పనిచేసేవాళ్ళు. చెరుకు తగ్గింది. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. పరవాడలో ఫార్మాసిటీ, అచ్యుతాపురంలో సెజ్ వచ్చాయి. మగవాళ్ళు కాంట్రాక్టరు వెనకాల హైదరాబాదు, చెన్నై పోతున్నారు, లేదంటే ఫార్మా కంపెనీల్లో డ్రమ్ములు దొర్లిస్తున్నారు. ఆడపిల్లలు వేలల్లో బట్టల కంపెనీ బస్సులు ఎక్కుతున్నారు. ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళు, పిల్లలు.

ఇందులో మంచి లేదని మేం అనం. ఆసామి గుమ్మం దగ్గర వంగి నిలబడే పని పోయి, నెల జీతం బ్యాంకులో పడే పని వచ్చింది. పద్దెనిమిదేళ్ళ మాదిగ పిల్ల సొంత జీతంతో తమ్ముడికి ఫీజు కడుతోంది. ఇది చిన్న మార్పు కాదు. ఆ బస్సు కిటికీ దగ్గర కూర్చున్న పిల్లల మొహాల్లో ఉన్న ధైర్యం వాళ్ళ అమ్మల మొహాల్లో ఆ వయసులో లేదు. ఆ ధైర్యాన్ని వెనక్కి తీసుకురమ్మని, ఆడది ఇంట్లో కూర్చోవాలని ఎవరైనా మన సంఘం వాళ్ళే అంటే, వాళ్ళకి మనువు పుస్తకం కొత్త అట్టతో దొరికిందని అనుకోవాలి.

కాని ఆ బస్సు తెల్లారకుండా వెళ్తుంది. అంగన్‌వాడీ తొమ్మిదికి తెరుచుకుని నాలుగింటికి మూసేస్తుంది. చంటిదాని పొద్దున్న, సాయంత్రం ఎవరి ఒడిలో గడవాలి? ఈ లెక్క ఎవరూ వెయ్యలేదు. 1975 అక్టోబరు 2న ఐసిడిఎస్ పథకం మొదలుపెట్టినప్పుడు తల్లి దగ్గర్లోనే ఉంటుంది, లేదా ఇంట్లో ఇంకెవరో ఉంటారు అనుకున్నారు. అప్పటికీ మన విషయంలో అది నిజం కాదు. ఇప్పుడు అసలే కాదు. పైగా 2025లో రాష్ట్ర ప్రభుత్వం రోజుకి తొమ్మిది గంటల పని పరిమితిని పదికి పెంచింది, ఆడవాళ్ళ రాత్రి షిఫ్టులకి దారి తెరిచింది. రాత్రి షిఫ్టుకి ఆడవాళ్ళు ఒప్పుకుంటేనే అని రాశారు. అద్దె కట్టాల్సిన ఒంటరి తల్లి ఒప్పుకోనని ఏ సూపర్‌వైజరుతో అనగలదు? కంపెనీకి గంట పెంచారు గదా, అంగన్‌వాడీకి ఒక్క గంట పెంచారా? పెంచాలంటే ఇంకో మనిషిని పెట్టాలి, ఆ మనిషికి జీతం ఇవ్వాలి. ఉన్నవాళ్ళకే సరిగ్గా ఇవ్వక 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు అంగన్‌వాడీ అక్కలు రోడ్డు మీద కూర్చున్నారు, అప్పటి ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. పిల్లల్ని చూసే పనంటే పాలకులకి ఎంత చిన్నచూపో దాంతోనే తెలిసింది. ఆ పని చేసేది ఆడవాళ్ళు, ఎక్కువమంది కిందికులాల ఆడవాళ్ళు కాబట్టే ఆ చిన్నచూపు.

చట్టం ఏమంటోందో కూడా తెలుసుకోండి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో, ముప్ఫై మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని రాశారు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, యాభై మంది పనిచేసే ప్రతిచోటా ఉండాలన్నారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన లేబర్ కోడ్‌లలోనూ ఈ యాభై మంది మాట ఉంది. కార్మికుల హక్కులు చాలా కోసేసిన ఆ కోడ్‌లలో కూడా ఇది మిగిలింది. కాబట్టి అచ్యుతాపురం, పరవాడ కంపెనీల్లో పనిచేస్తున్న చెల్లెళ్ళందరినీ అడుగుతున్నాం: మీ కంపెనీలో పిల్లల గది ఉందా? ఉంటే గోడ మీద బోర్డేనా, పిల్లలు కూడా ఉన్నారా? అయితే ఒక చిక్కుంది. ముప్ఫై మైళ్ళ అవతల నుంచి వచ్చే పిల్ల చంటిదాన్ని చంకనెత్తుకుని ఆ చీకట్లో బస్సు ఎక్కదు. ఆ బస్సు దిగేది విషవాయువుల పక్కన. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ఆ సెజ్‌లోనే గాలి పీల్చి వందలమంది ఆడపిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. కాబట్టి పిల్లల గది కంపెనీ గేటు లోపల ఉంటే చాలదు. అది పేటలో ఉండాలి, పొద్దున్న ఆరింటి నుంచి రాత్రి ఏడింటి దాకా ఉండాలి, కంపెనీల దగ్గర డబ్బు వసూలు చేసి పంచాయతీ నడపాలి. ఇది కుదరని పని కాదు. కర్ణాటకలో 2023 నుంచి గ్రామ పంచాయతీల్లో 'కూసిన మనె' అని పిల్లల ఇళ్ళు తెరిచారు, ఉపాధి కూలీల పిల్లల కోసం. పిల్లల్ని చూసే ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చి కూలి ఇస్తున్నారు. పక్క రాష్ట్రంలో కుదిరింది ఇక్కడెందుకు కుదరదు?

మళ్ళీ మామ్మ దగ్గరికి వద్దాం. ఆమెకి నెలకి నాలుగు వేల పింఛను వస్తోంది. 2024 జులై నుంచి పెరిగింది, అది ఎవరు పెంచినా మంచిదే. ఆ నాలుగు వేలల్లోంచే మనవల పాలు, పుస్తకాలు, జ్వరం మాత్రలు. కాని కొడుకు పేరు కార్డులో ఉన్నంతకాలం కొడుకు సంపాదనంతా ఆమె ఆదాయం కిందే రాస్తారు. పల్లెలో ఇంటి ఆదాయం నెలకి పదివేలు దాటకూడదని గీత గీశారు. హైదరాబాదులో కొడుకు పదమూడు వేలు తెచ్చుకుంటే, అందులోంచి ఇంటికి పైసా రాకపోయినా, కాగితం మీద మామ్మ ఉన్నమనిషి అయిపోతుంది. ఎప్పుడు ఎవరొచ్చి అడుగుతారో అని ఆమెకి నిద్ర లేదు. కూతురి పిల్లల సంగతి దానికి తిరకాసు. వాళ్ళ పేర్లు తండ్రి ఇంటి లెక్కలో ఉన్నాయి కాబట్టి తండ్రి ఇంటి అర్హతే వాళ్ళ అర్హత. అక్కడ ఎవరికో సర్కారు జీతం వస్తే ఇక్కడ వీళ్ళకి తల్లికి వందనం ఆగిపోతుంది. కూతుర్ని ఒంటరి మహిళ కింద రాయించుకుందామంటే విడిపోయినట్టు రుజువు తెమ్మంటారు. కోర్టు కాగితం ఉందా అని అడుగుతారు.

కోర్టు కాగితం! ఇక్కడ కాసేపు ఆగాలి. అగ్రకులాల్లో విడాకులు పాపం, వితంతువుకి పెళ్ళి మహాపాపం అని శాస్త్రాలు రాసుకున్న రోజుల్లోనే మన కులాల్లో తెంపులు ఉన్నాయి, మారుమనువు ఉంది. సరిపడకపోతే పెద్దల్లో కూర్చుని, పెట్టిందీ పోసిందీ లెక్క చూసుకుని, ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. ఆడదానికి రెండో మనువు తప్పు కాదు. సంఘసంస్కర్తలు వందేళ్ళు తంటాలు పడి సాధించిన దాన్ని మన మామ్మలు ఏ సంస్కర్తా చెప్పకుండానే పాటించారు. 1955 హిందూ వివాహ చట్టం కూడా, 29వ సెక్షన్‌లో, ఆచారం ప్రకారం జరిగే విడాకులు చెల్లుతాయని ఒప్పుకుంది. చట్టం ఒప్పుకున్న దాన్ని కౌంటరు వెనక కూర్చున్న గుమాస్తా ఒప్పుకోడు. ఆయన ఇంట్లో అలాంటి ఆచారం లేదు మరి. ఆయన బుర్రలో కుటుంబం అంటే ఒక మొగుడు, ఒక పెళ్ళాం, కోర్టులో విడిపోయేదాకా ఒకటే ఇల్లు. ఆ ఇంటి బొమ్మే కంప్యూటర్లోకి ఎక్కింది. 2019 నుంచి 2024 దాకా వలంటీర్లు ఇంటింటికీ తిరిగి చేసిన మ్యాపింగ్‌లో ఎవరు ఏ ఇంట్లో పడ్డారో చాలామంది ఇప్పటికీ అక్కడే ఇరుక్కుని ఉన్నారు. 2025 మేలో కార్డులు విడదీయడానికి, పేర్లు మార్చడానికి మళ్ళీ అవకాశం ఇచ్చారు. మా మామ్మ కూతురు కంపెనీకి ఒకరోజు సెలవు పెట్టి వెళ్ళింది. కాగితం చాలదని తిప్పి పంపారు. ఇంకోరోజు వెళ్ళింది, సర్వర్ పనిచెయ్యలేదు. మూడోరోజు సెలవు అడిగితే కంపెనీలో జీతం కోస్తామన్నారు. అక్కడితో వదిలేసింది.

కంప్యూటర్‌ని నమ్మి కుటుంబాల్ని లెక్కపెడితే ఏమవుతుందో ఇప్పటికే రెండుచోట్ల చూశాం. హర్యానాలో పరివార్ పెహచాన్ పత్ర్ అని ఇలాంటి కుటుంబ కార్డే తెచ్చారు. కాగితాల్లో చనిపోయినట్టు రాసి పింఛను ఆపేస్తే, 2022లో రోహ్‌తక్‌లో నూరేళ్ళు దాటిన ఒక ముసలాయన పెళ్ళికొడుకులా బండెక్కి బ్యాండుమేళంతో ఊరేగాడు, నేను బతికే ఉన్నాను చూడండని. నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ఇక తెలంగాణలో కంప్యూటర్ అనర్హులని చెప్పిందని లక్షల రేషన్ కార్డులు తీసేశారు. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో కలగజేసుకుని, రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల్ని ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ తనిఖీ చెయ్యమంది. అప్పటిదాకా ఆ ఇళ్ళల్లో ఏం తిన్నారు? కాబట్టి ఫ్యామిలీ కార్డు వద్దని మేం అనడం లేదు. కార్డులో ఎవరుండాలో ఆ ఇంట్లో తినేవాళ్ళు చెప్పాలి, గ్రామసభలో చదివి వినిపించాలి, తప్పుంటే అక్కడికక్కడ దిద్దాలి, దిద్దేదాకా ఎవరి బియ్యమూ ఎవరి పింఛనూ ఆపకూడదు అంటున్నాం.

మనిషి చచ్చిపోయినప్పుడు ఈ లెక్క ఇంకా ఘోరంగా బయటపడుతుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఒక్కో కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించారు. ఇలాంటి ప్రతి ప్రమాదం తర్వాతా తహసీల్దారు ఆఫీసు ముందు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం అత్తా కోడలూ ఎదురెదురుగా నిలబడాల్సి వస్తుంది. తల్లి కుటుంబమా, పెళ్ళాం కుటుంబమా? పెళ్ళి రిజిస్టరు కాకపోతే పెళ్ళాం పెళ్ళామేనా? చర్చిలో పెళ్ళయితే ఒక తంటా, పేటలో పెద్దల ముందు అయితే ఇంకో తంటా. మన రాష్ట్రంలో పెళ్ళి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 2002లోనే చట్టం చేశారు. మన పేటల్లో ఎన్ని పెళ్ళిళ్ళు రిజిస్టరవుతున్నాయి? ఈ విషయంలో మన సంఘాల నిర్లక్ష్యం కూడా ఉంది. ఫ్లెక్సీలకి పెట్టే ఖర్చులో పదోవంతు పెట్టినా ఒక మండలంలో పెళ్ళిళ్ళన్నీ రిజిస్టరు చేయించొచ్చు.

మన తప్పుల సంగతి ఎత్తాం కాబట్టి ఇంకోటి కూడా చెప్పాలి. పూర్వం మన కులాల్లో ఓలి ఉండేది. పిల్లవాడి తరఫు వాళ్ళే పిల్లకి ఇచ్చి చేసుకునేవాళ్ళు. పనిచేసే పిల్లని ఇంటికి తెచ్చుకుంటున్నాం కదా అని. ఆ ఓలిలో కూడా ఆడదాన్ని ధరకట్టడం ఉంది, దాన్ని మేం పొగడడం లేదు. కాని ఇప్పుడేమైంది? నాలుగు అక్షరాలు రాగానే, ఒక అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం రాగానే మనవాడు కట్నం అడుగుతున్నాడు. బండి అడుగుతున్నాడు. జై భీం అని కాలరు మీద బ్యాడ్జి పెట్టుకుని మరీ అడుగుతున్నాడు. పిల్ల జీతం తెస్తున్నా కట్నం తప్పడం లేదు. పైకులాల దగ్గర్నుంచి మనం వాళ్ళ భూమి లాక్కోలేకపోయాం గాని వాళ్ళ జబ్బు మాత్రం అడక్కుండానే తెచ్చుకున్నాం. కట్నం భయంతోనే పదిహేనూ పదహారేళ్ళకే పిల్లని ఎవరికో ఇచ్చి చేసేస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిందని తేలింది. కులం దాటి పెళ్ళి చేసుకుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని కడుపుతో ఉన్న భార్య ఎదురుగానే నరికించారు. తీర్పు రావడానికి 2025 మార్చి దాకా పట్టింది. కుటుంబ విలువల గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు ఆ రోజు ఎక్కడున్నారు?

ఇక పిల్లల్ని కనే సంగతి. 1997లో రాష్ట్ర ప్రభుత్వం జనాభా విధానం ప్రకటించింది. ఆ రోజుల్లో మన పేటల మీదికి ఎలా వచ్చిపడ్డారో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. టార్గెట్లు, క్యాంపులు, ఆపరేషన్లు. పేదవాడి పేదరికానికి కారణం పేదదాని కడుపేనన్నారు. అంతకుముందే 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చెయ్యకూడదన్నారు. ఆ నిబంధన దెబ్బకి సర్పంచ్ కావలసిన మన వాళ్ళు ఎందరు ఇంట్లో కూర్చున్నారో! పెళ్ళయిన ఆడవాళ్ళలో వందకి సుమారు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ళు వందకి ఒక్కరు కూడా లేరు. ఇది అదే సర్వే లెక్క. ఇప్పుడు కాన్పులు తగ్గిపోయాయి, సగటున ఒక్కో ఆడదానికి ఇద్దరు పిల్లలు కూడా లేరు, రాష్ట్రం ముసలిదైపోతోంది, ఎక్కువమందిని కనండి అంటున్నారు. 2024 నవంబరులో ఆ ఇద్దరు పిల్లల నిబంధన అసెంబ్లీలో తీసేశారు. తియ్యడం మంచిపనే, ముప్ఫై ఏళ్ళు ఆలస్యమైంది. కాని నిన్న కనొద్దన్నదీ వాళ్ళే, ఇవాళ కనమంటున్నదీ వాళ్ళే. మధ్యలో కడుపు ఎవరిది? కన్న పిల్లని పొద్దున్న ఎవరు చూస్తారో చెప్పకుండా కనమనడం, కూలికి వెళ్ళకుండా పంట పండించమనడం లాంటిది. ప్రభుత్వోద్యోగినికి ఆరునెలల సెలవుంది. బట్టల కంపెనీ పిల్లకి చట్టంలో 26 వారాలు ఉంది గాని కడుపు కనిపించగానే పని మానేస్తున్న పిల్లలు మాకు పేటపేటనా కనిపించారు. గట్టు మీద ఊడ్చే తల్లికి ఏమీ లేదు.

డాక్టర్ అంబేడ్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లుని సమర్థిస్తూ మాట్లాడారు. కాన్పుకి ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దేశానికి అవసరమని, ఆ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం మొయ్యాలని వాదించారు. 1938లో ఆయన పార్టీ సభ్యుడు బొంబాయి అసెంబ్లీలో కుటుంబ నియంత్రణ సౌకర్యాల కోసం తీర్మానం పెట్టాడు, అది ఓడిపోయింది. కనాలన్నా వద్దన్నా సాధనం ఆడదాని చేతిలో ఉండాలి అన్నదే ఆ రెండిటికీ మూలం. హిందూ కోడ్ బిల్లు నీరుగారిపోయిందని 1951లో మంత్రి పదవే వదిలేశారు. ఏప్రిల్ నెలంతా ఆయన విగ్రహాలకి దండలు వేసే పార్టీలకి ఈ సంగతులు గుర్తు చెయ్యాలి.

మామ్మలాంటి వాళ్ళకి ఏం చెయ్యాలో ప్రపంచానికి తెలియక కాదు. దక్షిణాఫ్రికాలో కూడా నల్లజాతి కుటుంబాల్ని గనులు, తెల్లవాళ్ళ పాస్ చట్టాలు చీల్చేశాయి. తండ్రులు గనుల్లో, తల్లులు తెల్లవాళ్ళ వంటిళ్ళల్లో, పిల్లలు మామ్మల దగ్గర. వర్ణవివక్ష పోయాక 1998లో అక్కడ పిల్లల భృతి పెట్టారు. అది తండ్రి పేరు అడగదు, పెళ్ళి కాగితం అడగదు. పిల్లని ఎవరు సాకుతున్నారో వాళ్ళ చేతికే ఇస్తారు. మామ్మ అయితే మామ్మకి, పిన్ని అయితే పిన్నికి. డబ్బు పిల్ల వెంట నడుస్తుంది. మన పథకాల్లో కూడా అలాంటి ఆలోచన పూర్తిగా లేకపోలేదు. 2013 ఆహార భద్రత చట్టం రేషన్ కార్డులో ఇంటి యజమాని పద్దెనిమిది దాటిన పెద్ద ఆడమనిషే అంది. 2020 నాటి అమ్మ ఒడి తల్లికి ఒక్క బిడ్డకే ఇస్తే, 2025 జూన్ నుంచి తల్లికి వందనం ప్రతి బిడ్డకీ అన్నారు. మార్చాలనుకుంటే మార్చగలరని అర్థం. అయితే 2005 ఉపాధి హామీలో ఇంటికి వంద రోజులు అన్నారు, 2025 డిసెంబరులో దాని స్థానంలో తెచ్చిన చట్టంలోనూ 125 రోజులు ఇంటికే. ముగ్గురు కోడళ్ళున్న ఇల్లూ ఒకటే, ఒంటరిగా ఉన్న ఆడమనిషీ ఒకటే. మనిషికి ఇన్ని రోజులని ఎందుకు రాయరు?

సంసారాల్ని నిజంగా కూల్చేస్తున్నది ఒకటుంటే అది మందు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ళు సారాని తరిమితే, 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త మద్యం విధానంలో 99 రూపాయలకే క్వార్టరు అని గొప్పగా చెప్పుకున్నారు. తల్లి ఖాతాలో పదమూడు వేలు వేసి, తండ్రి చేతిలో రోజూ 99 రూపాయల సీసా పెడితే ఆ ఇంట్లో ఏడాది చివర ఎంత మిగులుతుందో ఐఏఎస్‌లు అక్కర్లేదు, మూడో తరగతి పిల్లవాడు లెక్క చెప్పగలడు.

ఇప్పుడు పని సంగతి. తండ్రి చనిపోయి, లేదా తండ్రి వదిలేసి, తల్లితోనో తాతామామ్మలతోనో ఉంటున్న పిల్లలకి కేంద్రం మిషన్ వాత్సల్య కింద నెలకి 4000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72 వేలు, పట్నాల్లో 96 వేలు దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కి ఇవ్వాలి. మేం తిరిగిన పేటల్లో దీని పేరు విన్నవాళ్ళు ఇద్దరే కనిపించారు. కార్యకర్తలు ముందు ఈ పిల్లల జాబితా రాయండి. ఆచారం ప్రకారం తెంపులైన చెల్లెళ్ళ విషయంలో, పెద్దల సంతకాలతో, సాక్షులతో కాగితం రాయించి, గ్రామసభలో తీర్మానం చేయించి, దానికి సెక్షన్ 29 మాట జతచేసి సచివాలయంలో ఇవ్వండి. తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో రాసిమ్మని అడగండి. రాసివ్వరు, అయినా అడగండి. ఆ అడిగిన తేదీ మన దగ్గర ఉండాలి. కొడుకు వేరే ఊళ్ళో ఉన్న ముసలివాళ్ళ కార్డులు ఇప్పుడే విడదీయించండి, ఫ్యామిలీ కార్డు లెక్కలోకి ఎక్కేశాక కష్టం.

ఈ ఏప్రిల్ 14న విగ్రహానికి దండ వేసే ముందు ప్రతి పేటలో ఇంటికో తెల్లకాగితం పంచండి. మధ్యలో గీత గియ్యండి. ఎడమవైపు కార్డులో ఉన్న పేర్లు, కుడివైపు నిన్న రాత్రి ఆ పొయ్యి దగ్గర అన్నం తిన్నవాళ్ళ పేర్లు. రాయలేని వాళ్ళకి చదువుకున్న పిల్లలు రాసిపెట్టాలి. అబద్ధం రాయొద్దు, దాచొద్దు. ఆ కాగితాలు మాకు పంపితే అన్నీ కట్టగట్టి అనకాపల్లి కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్సులో ఇద్దాం, వీలైనంతమంది వెళ్ళి ఇద్దాం. కంపెనీ పిల్లలకి సోమవారం సెలవు దొరకదు కాబట్టి వాళ్ళ బదులు మామ్మలు వస్తారు. మొదటి కాగితం మా దగ్గరికి వచ్చేసింది. ఎడమవైపు మూడు పేర్లు, కుడివైపు నాలుగు. రెండు వైపులా ఉన్న పేరు ఒక్కటే.